నక్షాల సాఫ్ట్‌వేరుకు నీటి తీరువా కట్టేదెవరు?

దాళ్వా కోతలు అయిపోగానే డెల్టాలో కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, లాకుల తలుపులు సరిచేస్తారు, గండి పడే చోట గట్టు పటిష్టం చేస్తారు. ఈ పనులు సక్రమంగా జరగని ఏడాది శివారు చేలకు నీరు అందదని పసిపిల్లవాడిని అడిగినా చెబుతాడు. నీరు గోదావరిది, ఎవరి సొత్తూ కాదు. అయినా తీరువా అక్కరలేదని ఏ రైతూ అనడు. కట్టడంలో ఆలస్యం చేస్తే చేయవచ్చు గాక.

అదే డెల్టాకు ఇప్పుడు మరొక ఉమ్మడి కాలువ వచ్చి చేరింది. దానికి తీరువా అన్న మాటే ఎవరూ ఎత్తడం లేదు. యంత్రాల నక్షాలు, ఇనుప కట్టడాల లెక్కలు, మంచినీటి గొట్టాల పథకాలు కంప్యూటరులో తయారు చేసుకోవడానికి ఉచితంగా దొరికే ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు సంగతి ఇది. ఎవరైనా తెచ్చుకోవచ్చు, ఎన్ని యంత్రాల్లోనైనా పెట్టుకోవచ్చు, లోపలి రాత తెరిచి చూసి మార్చుకోవచ్చు. అయితే దానిని రాసేవారికి, మరమ్మతు చేసేవారికి జీతం ఎక్కడి నుంచి రావాలన్నది మాత్రం ఎవరికీ పట్టని ప్రశ్నగా ఉండిపోయింది.

ఇది పట్నాల్లో కంప్యూటరు కంపెనీల గొడవ, పల్లెలకేమిటని అనుకోవడం సహజం. కాని ఒక్కసారి లేతు షెడ్డు గడప దాకా వెళ్లి చూస్తే సంగతి తెలుస్తుంది.

సుద్దముక్క నుంచి ఫైలు దాకా

రైసు మిల్లు ఎలివేటరుకు బకెట్టు చేయాలన్నా, రొయ్యల చెరువులో తిరిగే ఏరియేటరుకు షాఫ్టు మార్చాలన్నా వెనకటి మేస్త్రీలు షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీసి పని కానిచ్చేవారు. వారి చేతి పనికి వంక పెట్టగలిగిన వాడు లేడు. కాని రోజులు మారాయి. రేకును లేజరుతో కోసే చోట కొలతల కాగితం ఇస్తే చాలదు, కంప్యూటరు ఫైలు అడుగుతారు. గోదాముకు అప్పు ఇచ్చే బ్యాంకు ఇంజనీరు వేసిన నక్షా, అంచనా అడుగుతుంది. పాలకొల్లులోనైనా, భీమవరంలోనైనా, మండపేటలోనైనా చిన్న షెడ్డు వాడు పెద్ద ఆర్డరు పట్టాలంటే నక్షా ఉండాలి. అది కంప్యూటరులో ఉండాలి.

ఇక్కడ అతని ముందు మూడు దారులున్నాయి.

మొదటిది అద్దె దారి. 1982లో మార్కెట్టులోకి వచ్చిన ఆటోక్యాడ్ ఈ పనికి పేరు మోసింది. పూర్వం ఒకసారి కొనుక్కుంటే ఆ ప్రతి కొన్నవాడిదే. 2016 నుంచి ఆ కంపెనీ కొత్తగా అలా అమ్మడం మానివేసి, గడువు ప్రకారం చందా కట్టే పద్ధతి పెట్టింది. చందా ఆగితే ప్రోగ్రాము ఆగుతుంది. విద్యార్థులకు మాత్రం చదువు కోసం ఉచితంగా ఇస్తారు. ఆ కుర్రవాడే డిప్లొమా చేతపట్టుకుని షెడ్డులో కుదిరి అదే ప్రోగ్రాములో కూలికి నక్షా గీయబోతే ఆ అనుమతి చెల్లదు. మూడేళ్లు చేతికి అలవాటు చేసిన పనిముట్టు పనిలో చేరిన రోజునే చేయి జారుతుంది. ఏటా అంత చందా కట్టే తాహతు ఇద్దరు ఫిట్టర్లు, ఒక వెల్డరు ఉన్న షెడ్డుకు ఎక్కడిది?

రెండవది దొంగ దారి. దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం అన్న సామెత రొయ్యల సీమకు కొత్తగా వినిపించవలసిన పని లేదు. కాని ఒక్క విషయం తెలిసి ఉండడం మంచిది. 1957 నాటి కాపీరైటు చట్టంలో 63బి సెక్షను ఉంది. దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2,00,000 రూపాయల దాకా జరిమానా అని అందులో ఉంది. షెడ్డు యజమానుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో!

మూడవది ఉచిత దారి. యంత్ర భాగాలకు ఫ్రీక్యాడ్, ఎలక్ట్రానిక్ సర్క్యూటు బోర్డులకు కీక్యాడ్, ఉక్కు కట్టడాల అతుకులకు ఓస్డాగ్, మంచినీటి గొట్టాలకు ఈపానెట్. ఇవేవీ దొంగ ప్రతులు కావు. రాసినవారే అందరూ వాడుకోండని వదిలినవి.

ఇందులో ఈపానెట్ కథ పల్లెలకు బాగా దగ్గరగా ఉంటుంది. కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకోవడం డెల్టాలో ఆనవాయితీ. ఆ నీరు ట్యాంకుకెక్కి, ట్యాంకు నుంచి గొట్టాల్లో దిగి చివరి వీధి కుళాయికి చేరేసరికి ఒత్తిడి ఎంత మిగులుతుంది? గొట్టం ఒక అంగుళం తగ్గిస్తే ఏమవుతుంది? పైపులు పూడ్చకముందే ఈ లెక్క తేల్చే ప్రోగ్రాము ఈపానెట్. అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ 1993లో దీనిని తన ఖర్చుతో తయారు చేయించి ప్రపంచానికి వదిలివేసింది. భారతదేశంలో నీటి పథకాల ఇంజనీర్లకు ఇది పరిచయమైన పనిముట్టే. ఎక్కడో అమెరికాలో పన్ను కట్టిన రైతు డబ్బు కోనసీమ శివారు కుళాయి లెక్కకు అక్కరకు రావడం విడ్డూరమే గాని, అబద్ధం కాదు.

దొర నేర్చిన విద్య

లోపలి రాత బయట పెట్టడం వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి ధవళేశ్వరమే సమాధానం. 1833 నాటి కరవు తరువాత గోదావరి జిల్లా దుస్థితి చూసి, 1844, 1845 సంవత్సరాల్లో నివేదికలు రాసి, కాటన్ దొర ఆనకట్టకు అనుమతి సంపాదించారు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా కట్టారు. అడుగున రాయి తగలని ఇసుకలో అంత కట్టడం ఎలా నిలబెట్టారు? కావేరి మీద చోళుల నాటి కల్లణైని చూసి ఆ కిటుకు పట్టారు. వదులు ఇసుకలో పునాది నిలిపే విద్య తమకు ఆ ప్రాచీనుల నుంచే వచ్చిందని కాటన్ స్వయంగా రాశారు. కల్లణై కట్టినవారు ఆ విద్యకు తాళం వేసి, ఏటా అద్దె కట్టేవారికే చూపిస్తామని ఉంటే డెల్టా చరిత్ర ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆ కథలో రెండో సగం కూడా గుర్తుంచుకోవాలి. విద్య ఉచితంగా దొరికింది గాని ఆనకట్ట ఉచితంగా లేవలేదు. ఇంత ఖర్చు పెడితే ఇంత సాగు, ఇంత శిస్తు అని లెక్క చూపించి దొరతనాన్ని ఒప్పించవలసి వచ్చింది. కట్టిన తరువాత మరమ్మతులకు ఏటా డబ్బు కావలసే వచ్చింది. చివరకు 1970వ దశకంలో కొత్త బ్యారేజీ పనులు పెట్టి 1980వ దశకం మొదట్లో పూర్తి చేశారు. ఎంత గొప్ప కట్టడమైనా చూసేవాడు లేకపోతే నిలవదు.

ఇరవై రెండేళ్ల చాకిరీ

ఫ్రీక్యాడ్ విషయంలో జరిగింది చూడండి. యూర్గెన్ రీగెల్ అనే జర్మను ఇంజనీరు మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము 2002లో మొదటిసారి బయటికి వచ్చింది. ఇక అన్ని విధాలా పక్వానికి వచ్చిందని చెప్పుకోదగిన 1.0 ప్రతి వెలువడింది 2024 నవంబరులో. అంటే ఇరవై రెండేళ్లు! ఆ కాలమంతా అధిక భాగం పని ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు, సెలవు రోజులు వెచ్చించిన వారిదే. 2021లో గాని వారికి డబ్బు స్వీకరించి పంచే సొంత సంఘం ఏర్పడలేదు. అది బెల్జియంలో రిజిస్టరయింది. విరాళాలు తీసుకుని, ఫలానా పని చేస్తామని ముందుకు వచ్చిన వారికి చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తోంది.

ఈ మధ్యలో ఫ్రీక్యాడ్ మీద వ్యాపారం చేసి, వచ్చిన లాభంతో దానిని వృద్ధి చేద్దామని ఆండ్సెల్ అనే కంపెనీ 2023లో వచ్చింది. మంచి పనే చేసింది. విడి భాగాలను కూర్చి మొత్తం యంత్రంగా చూపే సదుపాయం 1.0 ప్రతిలో చేరడంలో దాని పాత్ర ఉంది. కాని కొనేవారు చాలక 2024లోనే మూతపడింది. కంపెనీ పోయినా అది రాసినదంతా ఫ్రీక్యాడ్‌లోనే ఉండిపోయింది. ఓపెన్ సోర్సు బలమూ అదే, బలహీనతా అదే. పని మిగులుతుంది, పనివాడు మిగలడు.

ఊరుమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందట. అందరిదీ అయినప్పుడు మేత వేసేది ఎవరు?

డబ్బు దొరికిన చోట్లు

మేత వేసినవారు లేకపోలేదు. కీక్యాడ్‌ను 1992లో ఫ్రాన్సుకు చెందిన జాన్ పియెర్ షారా అనే అధ్యాపకుడు ప్రారంభించాడు. స్విట్జర్లాండులో అణువు లోతులు వెదికే సెర్న్ ప్రయోగశాల తమ సర్క్యూటు నక్షాలు ప్రపంచమంతా చూడగలిగేలా ఉండాలని కోరుకుంది. అందుకు 2013 నుంచి కీక్యాడ్ పనిలో తమ మనుషులను పెట్టింది. తమ అవసరం తీరింది, ఊరికీ పనికొచ్చింది. బొమ్మలకు, సినిమాలకు వాడే బ్లెండరుది మరో దారి. 2002లో దాని కంపెనీ మూతపడినప్పుడు, లక్ష యూరోలు ఇస్తే లోపలి రాత అందరికీ వదిలేయడానికి హక్కుదారులు ఒప్పుకున్నారు. వాడుకునేవారే చందాలు వేసుకుని ఏడు వారాల్లో ఆ డబ్బు పోగు చేశారు. గుడి ధ్వజస్తంభానికి చందా పట్టినట్టే.

భారత ప్రభుత్వం కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. బొంబాయి ఐఐటీలో ఫాసీ అనే పథకం కేంద్ర విద్యాశాఖ డబ్బుతో నడుస్తోంది. ఉక్కు దూలం స్తంభాన్ని కలిసే చోట ప్లేటు మందమెంత, బోల్టులెన్ని అన్నది భారతీయ ప్రమాణం ఐఎస్ 800:2007 ప్రకారం తేల్చి, లెక్కల కాగితంతో సహా ఇచ్చే ఓస్డాగ్ అక్కడ పుట్టిందే. సర్క్యూటుల పనికి ఈసిమ్ అక్కడిదే. ఈ పథకంలో విద్యార్థులకు వేసవిలో పని ఇస్తారు, చేసిన పనికి గౌరవ వేతనం ఇచ్చే ఏర్పాట్లున్నాయి. అదే ఐఐటీలోని స్పోకెన్ ట్యుటోరియల్ పథకం పాఠాల్లో తెలుగులో చెప్పినవీ ఉన్నాయి. తెలుగు గడ్డ మీద 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ ఇటువంటి సాఫ్ట్‌వేరును తెలుగులోకి తెచ్చే ప్రయత్నాలు చేస్తోంది.

ప్రైవేటు రంగంలో జెరోధా కంపెనీ 2024 అక్టోబరులో ఫ్లాస్ ఫండ్ అని ఒక నిధి పెట్టింది. ఓపెన్ సోర్సుకు ఏటా పది లక్షల డాలర్లు, ఒక్కో ప్రాజెక్టుకు 10,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా ఇస్తామన్నది ప్రకటన. ఎంత కావాలో, ఎందుకు కావాలో ఒక నిర్ణీత పద్ధతిలో ఫైలు రాసి పెట్టి దరఖాస్తు చేసుకోవాలి. అప్పటికే నిలదొక్కుకుని పదిమందీ వాడుతున్న వాటికే ఈ నిధి గాని, కొత్తగా మొలకెత్తే వాటికి కాదు. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. కాని అడగడానికి ముందు అడిగేవాడికి ఒక ఉనికి ఉండాలి. డెల్టా కళాశాలల నుంచి పది మంది కుర్రవాళ్లు ఈ ప్రాజెక్టుల్లో పేరు తెచ్చుకుంటే గాని ఆ తలుపు తట్టే అర్హత రాదు.

పద్దు లేని ఖర్చు

అసలు చిక్కు ఇక్కడుంది. ఒక కళాశాల లక్షలు పోసి సాఫ్ట్‌వేరు కొనడానికి పద్దు ఉంటుంది, టెండరు ఉంటుంది, బిల్లు ఉంటుంది, ఆడిటులో పేచీ ఉండదు. ఉచితంగా వచ్చిన దాని బాగు కోసం పదివేలు ఇవ్వాలంటే పద్దు దొరకదు. "ఉచితమన్నారు కదా, డబ్బెందుకు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోలేక ప్రిన్సిపాలు ఊరుకుంటాడు. అతనిది తప్పు కాదు. విదేశంలోని సంఘానికి విరాళం పంపమంటే మరీ తలనొప్పి.

దీనికి విరుగుడు లేకపోలేదు. విరాళం అనకూడదు, పని అనాలి. ఫలానా సదుపాయం చేర్చాలి, ఫలానా లోపం సవరించాలి, ఫలానా పట్టిక ఎక్కించాలి అని వర్కు ఆర్డరు రాసి, పని పూర్తయి అసలు ప్రాజెక్టులో చేరిన తరువాత బిల్లు చెల్లించవచ్చు. మోటారు రీవైండింగుకు చెల్లించినట్టే. చేసిన పని ఎవరైనా వాడుకునేలా బయట ఉండాలన్న షరతు ఒక్కటి చేర్చాలి. కేంద్ర ప్రభుత్వం 2015లోనే తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్సుకు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. విధానంలో వాడమన్నారు గాని పోషించమని చెప్పడానికి పద్దు తెరవనిదే అది కాగితానికే పరిమితం. కాకినాడ జేఎన్‌టీయూ గాని, రాష్ట్ర సాంకేతిక విద్యాశాఖ గాని తలుచుకుంటే ఒక్క ఉత్తర్వుతో ఈ పద్దు తెరవవచ్చు. కొనుగోలు ఖర్చులో నూటికి ఐదో పదో ఇటు మళ్లిస్తే చాలు.

మరో దారి కంపెనీల చట్టం. 2013 చట్టంలోని 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చుల జాబితాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, ఐఐటీల్లో జరిగే ఇంజనీరింగు పరిశోధనకు ఇచ్చే డబ్బు కూడా ఉంది. కృష్ణా గోదావరి బేసినులో చమురు, గ్యాసు తీసే సంస్థలు డెల్టాలోనే ఉన్నాయి. బస్సు షెల్టరు మీద పేరు రాయించుకోవడం మంచిదే. ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఇద్దరు ఇంజనీర్లను ఓపెన్ సోర్సు పని మీద ఏడాది పాటు కూర్చోబెట్టడం దానికి తీసిపోదు. ఎండకూ వానకూ చెక్కు చెదరదు కూడా.

రైసు మిల్లర్లకు, చెరువుల రైతులకు సంఘాలున్నాయి. 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినప్పుడు, వాడుకునేవాడే కాలువను చూసుకోవాలన్న సూత్రం డెల్టాకు పరిచయమయింది. ఆ సంఘాలు ఎంత చక్కగా నడిచాయన్నది వేరే చర్చ; అన్నీ బాగా నడిచాయని ఎవరూ అనరు. సూత్రం మాత్రం సరైనదే. తలా వెయ్యి రూపాయలు వేసుకుంటే ఒక పాలిటెక్నిక్ కుర్రవాడికి వేసవి రెండు నెలల భత్యం గడుస్తుంది.

ఒప్పుకోవలసిన మాట

ఉచిత సాఫ్ట్‌వేరు అన్నిటా అద్దె సాఫ్ట్‌వేరుకు సమానమని చెప్పడం మోసం. ఆటోక్యాడ్ అలవాటయిన చేతికి ఫ్రీక్యాడ్ కొన్ని నెలలు ముల్లులా గుచ్చుకుంటుంది. పాత డ్రాయింగులు డీడబ్ల్యూజీ పద్ధతిలో ఉంటే అవి ఇక్కడ తెరిచినప్పుడు గీతలు అటూ ఇటూ కావచ్చు. ఆ పద్ధతి రహస్యం కంపెనీది కనుక, దానిని చదవడానికి బయటివారు ఏళ్ల తరబడి కుస్తీ పట్టవలసి వచ్చింది. షెడ్డు యజమాని రేపు సాయంత్రానికి ఇవ్వవలసిన పని పెట్టుకుని ఈ ప్రయోగం చేయలేడు. అందుకే మొదటి అడుగు కళాశాలలు వేయాలి. ఆటోక్యాడ్ తీసివేయనక్కరలేదు, దాని పక్కనే ఫ్రీక్యాడులో కూడా వారానికి ఒక పీరియడు చేయిస్తే, షెడ్డుకు వచ్చే కుర్రవాడు తన పనిముట్టు తనతో తెచ్చుకుంటాడు.

లోపాలున్నాయి కనుక డబ్బు పెట్టనక్కరలేదని కొందరంటారు. తలకిందుల వాదన అది. పూడిక ఉందని కాలువ వదిలేసుకున్న ఊరు ఏదీ లేదు.

కాలువలు కట్టేసే రోజులు, పాలిటెక్నిక్‌లకు వేసవి సెలవులిచ్చే రోజులు ఇంచుమించు ఒకటే. మిల్లులకు కూడా కొంత తీరిక ఉండే కాలం. ఆ సమయంలో ఒక్కో కళాశాల ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు భత్యమిచ్చి ఒక్కో పని అప్పగించవచ్చు. ఏ పని ముందన్నది మిల్లర్లు, చెరువుల వారు, మేస్త్రీలు కలిసి కూర్చుని తేల్చుకోవలసిన మాట. అందరూ వాడుకునే ఏరియేటరు గేరుబాక్సు, ఎలివేటరు బకెట్టు కొలతల నక్షాలు కావచ్చు. గోదాము ఇనుప దూలాలకు ఓస్డాగ్‌లో ఇంకా లేని అతుకు ఒకటి కావచ్చు. ఇంగ్లీషు రాని ఫిట్టరు చదువుకోగల తెలుగు మెనూలే ముందు కావాలని వారంటే, అదే మొదటి వర్కు ఆర్డరు.